ఇరవై మైళ్ళ మహా పందెం

ఆంధ్రరాష్ట్రం ఇకమీదట నడవదని, పరిగెత్తుతుందని మోటారు శాఖ ఉపమంత్రి ఓబులేసు రెడ్డిగారు కర్నూలులో ఒక డేరా కింద ప్రకటించారు. 1955 మే నెల. ఆ డేరానే ఆయన ఆఫీసు. మనకు రాజధాని అయితే వచ్చింది గానీ దానికి కావలసిన గోడలు ఇంకా రాలేదు. గాలి రేగితే ఫైళ్ళు లేచిపోయేవి, ఇద్దరు బంట్రోతులు వాటి వెంట పడేవాళ్ళు. ఆ దృశ్యం చూసే మంత్రిగారికి పరుగు మాట తట్టిందని కొందరంటారు. నేను నమ్మను. అంత గొప్ప ఆలోచన ఊరికే చూస్తే రాదు.

"కర్నూలు నుంచి కడపకు మోటారు పందెం! మెరిడియన్ కంపెనీవారు మూడు కొత్త కార్లు ఇస్తాండారు. ఫారిన్‌లో ప్రతి కార్ల కంపెనీ పందెంలోకి దిగుతుంది. మనమేం తక్కువ తిన్నామా? గెలిచిన డ్రైవరుకు వెండి కప్పు! సర్కారులో పర్మనెంటు ఉద్యోగం!"

డేరా అదిరేటట్టు చప్పట్లు కొట్టారట. మరునాడు పత్రికలో డ్రైవర్ల పేర్లు వేశారు. మొదటి పేరు మా లేవిది.

నా పేరు విశ్వాసమ్మ. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ చదువుతో పత్రిక చదవగలను, పత్రిక చదివి భయపడగలను. ఎండ ముదిరితే ఇల్లు అంటుకుంటుందనీ, వాన పడితే మిద్దె కూలుతుందనీ, రెండూ లేకుంటే ఏదో వస్తుందనీ నాకు భయం. మా ఇంటాయన మాత్రం మూడు రోజుల జ్వరంతో పోయాడు. నేను భయపడనిది అదొక్కటే. అప్పటినుంచి దేన్నీ వదలకుండా భయపడుతున్నాను.

లేవి నాకు ఒక్కడే కొడుకు. సుబ్బయ్య శెట్టిగారి బస్సుకు డ్రైవరు. కర్నూలు నుంచి రాజంపేటకు వాడి సర్వీసు. రోజూ పొద్దున వాడు బైబిలు మీద చెయ్యి పెట్టి "మీటరు ముల్లు ఇరవై దాటనీయనమ్మా" అని ఒట్టు వేస్తేనే సంగటి ముద్ద పెడతాను. ఆరేండ్లలో వాడు కోడిపిల్లను కూడా తొక్కలేదు. అందుకే శెట్టిగారు పందానికి వాడి పేరు రాయించారు. చూశారా, నేను చేసిన మంచి ఎట్లా తిరిగి వచ్చిందో.

"ఒరే, పేరు కొట్టేయమని చెప్పురా," అన్నాను.

"ఎట్ల చెప్తానమ్మా? కాదంటే బస్సు తాళాలు ఈడ పెట్టి పో అంటాడు శెట్టి. గెలిస్తే పర్మనెంటు అంట."

"సమాధుల దొడ్డిలో గూడా పర్మనెంటే నాయనా."

"మొదులుపెట్టినావా," అని వాడు సంగటి ముద్ద మింగి వెళ్ళిపోయాడు.

నేనే డేరాకు పోయాను. మంత్రిగారు ఫైలు మీద రాయి పెట్టి, రాయి మీద చెయ్యి పెట్టి కూర్చుని ఉన్నారు.

"ఏమ్మా, యాడ నుంచి?"

"ఈ ఊరేనయ్యా. మా లేవి పేరు తీసేయండి సామీ. వాడు గంటకు ఇరవై మైళ్ళు దాటడు."

"యాల దాటడు?"

"నాకు ఒట్టు వేసినాడు."

మంత్రిగారి కండ్లు చెమ్మగిల్లాయి. పక్కనున్న పి.ఎ.గారితో అన్నారు: "వింటివా? తల్లి మాట జవదాటని యువకుడు! ఇట్లాంటోడే గెలవాల. ఆ పేరు కింద గీత గీయి."

"కొట్టేయమంటినయ్యా నేను..."

"ఇదో, పందెం కమిటీలో ఆడవాళ్ళు లేరని పేపరోళ్ళు రాస్తాండారు. ఈయమ్మ పేరు గూడా రాసుకో. తల్లుల తరఫున మెంబరు."

ఒక పేరు తీయించడానికి పోయి ఇంకో పేరు చేర్చి వచ్చాను.

కమిటీ వారానికొకసారి కూర్చునేది. నాకు ఒక కుర్చీ, రొమ్ము మీద ఒక బిళ్ళ, ఒక కాఫీ ఇచ్చేవారు. లేవి పేరు సంగతి ప్రతి సమావేశంలో ఎత్తాలనుకుంటూ పోయేదాన్ని. కాఫీ తాగేలోపల సమావేశం అయిపోయేది. మూడో వారానికల్లా నా కుర్చీలో ఇంకెవరైనా కూర్చుంటే నాకు కోపం రావడం మొదలైంది. ఉన్న మాట రాస్తున్నాను.

జూన్ నెలలో పత్రికలో పెద్ద వార్త వచ్చింది. ఫ్రాన్సు దేశంలో మోటారు పందెం జరుగుతుంటే ఒక కారు ఎగిరి జనం మీద పడిందట. ఎనభై మందికి పైగా చనిపోయారట. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఏడుస్తూనే, లోపల ఎక్కడో, "నేను చెప్పలేదా?" అని ఒక చిన్న గొంతు లేచింది. పుట్టిన తర్వాత మొదటిసారి నా భయం పత్రికలో అచ్చయింది. ఆ గొంతు గురించి ఆదివారం గుడిలో క్షమాపణ అడిగాను.

కమిటీలో ఆ వార్త పైకి చదివాను. ఎవరూ కాఫీ ముట్టలేదు. అంతలోనే మెరిడియన్ కంపెనీ ఏజెంటుగారు మద్రాసు నుంచి దిగారు. తెల్ల సూటు, నల్ల టై.

"అయ్యలారా, మా కంపెనీ పందేల నుంచి తప్పుకొంటోంది. మేమే కాదు, పెద్ద పెద్ద కంపెనీలు తప్పుకొంటున్నాయి. ఇకమీద మా దృష్టి అంతా కుటుంబాల క్షేమం మీద."

"అంటే మా మూడు కార్లు?" అన్నారు సుబ్బయ్య శెట్టిగారు.

"కుటుంబాలకు అమ్ముతాం."

"మరి పందెం?"

"మీకు మా శుభాకాంక్షలు ఎప్పుడూ ఉంటాయి."

శుభాకాంక్షలు ఇక్కడ ఉంచి కార్లు తీసుకుపోయారు. కార్ల మీద కప్పిన గుడ్డ కూడా మడిచి తీసుకుపోయారు. నేను దేవునికి స్తోత్రం చెప్పి, ఇంటికి పోయి పాయసం వండుదామని లేచాను.

"కూర్చోమ్మా," అన్నారు మంత్రిగారు. "కంపెనీలు పోతే పోనీ. దీంతో మన పందెం స్వదేశీ పందెం అయింది. మన బస్సులు లేవా? మన లారీలు లేవా? కాకపోతే ఇంత పెద్ద కార్యానికి కొత్త నాయకత్వం కావాల. నేను అధ్యక్ష పదవి వదిలి, ఎనక ఉండి నడిపిస్తా."

ఫ్రాన్సు వార్త చదివిన గంటలోపల ఇంత త్యాగం చేసిన నాయకుణ్ణి నేను చూడలేదు. సుబ్బయ్య శెట్టిగారిని అధ్యక్షుణ్ణి చేసి దండ వేశారు. ఆయన పదకొండు రోజులు నిశ్చింతగా ఏలారు. పన్నెండో రోజు ప్లీడరు మద్దిలేటిగారు ఏదో మాటల్లో, "ప్రమాదం జరిగితే మొదటి ముద్దాయి అధ్యక్షుడే గదా," అన్నారు. పదమూడో రోజుకు శెట్టిగారికి రక్తపోటు కనిపించింది.

పదవి ప్లీడరుగారికి ఇవ్వబోతే, తనకు కోర్టు పని ఎక్కువన్నారు. తాసిల్దారుగారికి ఇవ్వబోతే, తనకు బదిలీ అయ్యేటట్టు ఉందన్నారు. బల్ల చుట్టూ తిరిగి తిరిగి అందరి చూపూ నా దగ్గర ఆగింది.

"ప్రమాదాల గురించి ఈ రెండు జిల్లాల్లో విశ్వాసమ్మ అంత తెలిసినోళ్ళు యాడుండారు?" అన్నారు శెట్టిగారు, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని.

"ఒక సమావేశం గూడా తప్పలేదు," అన్నారు ప్లీడరుగారు.

చప్పట్లు. నా మెడలో దండ పడింది. శెట్టిగారి మెడలోనిదే, కొంచెం వాడింది.

భయపడుతూనే ఆ పదవి ఒప్పుకున్నాను. నా ఎత్తు నాకుంది. అధ్యక్షురాలినైతే ఒక్క సంతకంతో పందెం రద్దు చేయవచ్చు. ఆ సాయంత్రమే కాగితం రాసి గుమాస్తా చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

"బాగా రాసినారు. కానీ చెల్లదమ్మా."

"యాల చెల్లదు నాయనా?"

"ఈ కమిటీ పందెం కోసం పుట్టింది. పందెం రద్దయితే కమిటీ లేదు. కమిటీ లేకుంటే మీరు అధ్యక్షురాలు కాదు. అధ్యక్షురాలు కానోళ్ళ సంతకంతో పందెం ఎట్ల రద్దయితుంది?"

ఐదో తరగతి చదువుకు అది అందలేదు. అందనిది గొప్పదే అయి ఉంటుందని కాగితం చించేశాను. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ పొద్దు జెండా కట్టిన జీపు నన్ను మా వీధిలో దించింది. ఎదురింటి రామసుబ్బమ్మ బిందె నింపడం మరిచిపోయి చూసింది. కాగితం చించడానికి గుమాస్తా మాట ఎంత కారణమో, రామసుబ్బమ్మ బిందె ఎంత కారణమో దేవునికే తెలుసు.

రద్దు చేయలేకపోతే క్షేమంగా జరిపిస్తాననుకుని నిబంధనలు రాశాను. ఏ బండీ గంటకు ఇరవై మైళ్ళు దాటరాదు. బండికొక నర్సు. బండికి నాలుగు ఇసుక బక్కెట్లు. ప్రతి ఊళ్ళో ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని బండ్ల ముందు నడవాలి. మలుపు వస్తే ఆపి, ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవాలి. ఇరవై దాటినవాని లైసెన్సు రద్దు. ఆఖరిది నేను రాయలేదు, తాసిల్దారుగారు చేర్చారు: అందరికన్నా ముందు అధ్యక్షురాలి జీపు పోవాలి, జెండా ఉన్న బండిని ఎవరూ దాటరాదు. అది ఈ పందానికని పెట్టింది కాదట. ఎప్పటినుంచో ఉన్న మర్యాదట.

మంత్రిగారు చదివి, "ప్రపంచంలో ఇట్లాంటి పందెం ఎవరూ జరిపి ఉండరు," అన్నారు. నిజమే అన్నారు.

ఇన్ని రాసినా నా ప్రాణం కుదుటపడలేదు. ఎనిమిదో నిబంధన ఒక్కదాన్నే కూర్చుని రాశాను. 'ఆ రోజు రాజంపేట సర్వీసు ఆగితే ప్రయాణికులకు ఇబ్బంది కాబట్టి, ప్రజల మేలు కోరి, డ్రైవరు లేవిని పందెం నుంచి తప్పించి సర్వీసు బస్సు మీదనే ఉంచడమైనది.' పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు కన్నబిడ్డల కోసం చేసే పనుల గురించి గుడి అరుగు మీద కూర్చుని నేను చాలా మాట్లాడి ఉన్నాను. రాసి చూసుకుంటే అక్షరాలు ముత్యాల్లాగా కనిపించాయి.

లేవికి చెప్పాను.

"పర్మనెంటు పోయిందిలే అయితే."

"ప్రాణం ఉండాది గద నాయనా."

"ఉండాదిలే," అన్నాడు. ఆ రాత్రి ముద్ద సగం వదిలేశాడు.

దసరా పోయిన తర్వాత ఒక సోమవారం పొద్దున ఆరు గంటలకు కొండారెడ్డి బురుజు దగ్గర పందెం మొదలైంది. ముందు నా జీపు. దానికి డ్రైవరు మిషను ఆసుపత్రి గాబ్రియేలన్న. రోగి తొందరపడినా ఆయన తొందరపడడు. వెనక సీట్లో నిబంధనలు చూడడానికి ఒక సబ్ ఇన్‌స్పెక్టరు. మా వెనక ఆరు పందెం బండ్లు: శెట్టిగారి పాత బస్సులు రెండు, రోడ్ల శాఖ లారీ ఒకటి, వేరుశనగ లారీ ఒకటి, తాసిల్దారు జీపు, ఆసుపత్రి వ్యాను. అన్నీ ఒకదాని వెనక ఒకటి, తిరునాళ్ళకు పోయే బండ్ల మాదిరి. మంత్రిగారు ముందురోజే కడప చేరారు, గెలిచినవాడికి కప్పు ఇవ్వడానికి.

నంద్యాల చేరేసరికే ఎండ ఎక్కింది. ఒక ఊళ్ళో మమ్మల్ని చూసి ఒక పెద్దాయన తలపాగా తీసి, "ఎవరప్పా పోయింది?" అని అడిగాడు. ఎవరూ పోలేదు, మోటారు పందెం అన్నాము. ఆయన నమ్మలేదు. ఆళ్ళగడ్డ దగ్గర కుండలు కట్టుకున్న సైకిలాయన మమ్మల్ని దాటుకుని పోయాడు. సబ్ ఇన్‌స్పెక్టరు విజిలు వేస్తే వెనక్కి తిరిగి నవ్వాడు. నాకైతే మనసు పొంగింది. ఇన్ని గంటలు గడిచినా ఎవరికీ ఏమీ కాలేదు. నర్సులు కునుకు తీస్తున్నారు.

చాగలమర్రి దాటినాక వెనక నుంచి ఆగకుండా హారను వినిపించింది. తిరిగి చూస్తే దుమ్ము, దుమ్ములోనుంచి ఒక బస్సు. టాపు మీద మనుషులు, మనుషుల మధ్యన మేకలు. ఆరు పందెం బండ్లనూ ఒక ఊపున దాటి, నా జీపు పక్కన ఉరుము మాదిరి పోయింది. నా జెండా గాలికి మెలితిరిగి కర్రకు చుట్టుకుంది. కిటికీలో డ్రైవరు మొహం ఒక్క రెప్పపాటు కనిపించింది. పళ్ళు బిగించి, కళ్ళు రోడ్డు మీద పెట్టి, హాయిగా ఉన్నాడు.

మా లేవి.

"అరవై ఉంటాది," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు, నోటుబుక్కు తీస్తూ. "నెంబరు రాసుకొంటి. లైసెన్సు రద్దుకు మీరు సంతకం పెట్టాలమ్మా."

"అది పందెంలో లేని బండి నాయనా. రాయొద్దు," అన్నాను. గాబ్రియేలన్న వైపు తిరిగాను. "గాబ్రియేలన్నా, వాడు నాకు బైబిలు మీద ఒట్టు వేసినాడే! ముల్లు ఇరవై దాటదని!"

గాబ్రియేలన్న గేరు మార్చాడు. "ఆ మాట నిజమే విశ్వాసమ్మా. ఆ బస్సు మీటరు చెడిపోయి నాలుగేండ్లాయె. ముల్లు ఇరవై మీదనే నిలబడిపోయింది. కదలదు."

"మరి రోజూ ఇట్లనే పోతాడా?"

"పోకుంటే ఎట్లమ్మా? రెండు గంటలకల్లా రాజంపేటలో ఉండాలని శెట్టి టైము పెట్టినాడు. ఆలస్యమైతే డ్రైవరును మారుస్తాడు. ఆ దారిలో బస్సులన్నీ అట్లనే పోతాయి. నీకు తెలీదా?"

రెండు జిల్లాల్లో ప్రమాదాల గురించి నా అంత తెలిసినవాళ్ళు లేరు. నాకు తెలియదు.

కడపకు నాలుగు గంటలకు చేరాము. పందిరి గుంజలు పీకుతున్నారు. మైదానం మధ్యలో సుబ్బయ్య శెట్టిగారి సర్వీసు బస్సు నిలబడి ఉంది, ముందర ఒక పెద్ద బంతిపూల దండతో. లోపల జనం ఉన్నారు. డ్రైవరు సీటు ఖాళీ.

కడప ఆహ్వాన సంఘం పుల్లయ్యగారు పరిగెత్తుకొచ్చి నాకు నిమ్మకాయ నీళ్ళిచ్చారు. "రాండమ్మా, పందెం బ్రహ్మాండంగా జరిగె! పన్నెండున్నరకంతా మొదటి బండి వచ్చేసె!"

"అది సర్వీసు బస్సప్పా!"

"మాకేం తెలుసు తల్లీ? మొదట వచ్చింది అదే. టాపు మీద మేకలుంటే, అవి గూడా మీ భద్రతా నిబంధనలేమో అనుకొంటిమి."

"డ్రైవరు యాడ?"

"ఆయప్ప కాదు కాదంటానే ఉండె. సర్వీసు టైమైతాంది, పోవాల అనె. మంత్రిగారు ఇనలా. కప్పు చేతికిచ్చి, కౌగిలించుకొని, 'నాకు ఇన్నాండ్లు దొరకని డ్రైవరు నువ్వేనప్పా' అని ఆడనే పర్మనెంటు చేసినారు. భోంచేసి, రవంత నడుము వాల్చి, ఇప్పుడే ఆ పిల్లోని చేతికి కారిచ్చి తిరుపతికి బయలుదేరినారు. ఆరు గంటలకంతా కొండ కింద ఉండాలంట. దుమ్ము గూడా ఇంకా అణగలేదు."

కడప నుంచి తిరుపతి దాదాపు తొంభై మైళ్ళు, ఆరు లోపల. కోడూరు దాటితే అడవి. అడవిలో మలుపులు. మంత్రిగారి కారుకు మీటరు బాగుంటుంది, తొక్కితే ముల్లు ఎంత దూరమైనా పోతుంది.

బస్సు కిటికీలోనుంచి భీమమ్మ అనే ముసలామె అరిచింది: "ఏమ్మో జెండా అమ్మో! మా డ్రైవరును మంత్రి ఎత్తకపాయ! మేం రాజంపేటకు పోవాల! ఎప్పుడు పోయేది?"

ఒక విలేకరి పెన్ను పట్టుకుని అడ్డం వచ్చాడు. "ప్రమాదం లేకుండా ఇంత గొప్ప పందెం నడిపిన అధ్యక్షురాలిగా, వేగం గురించి మా పాఠకులకు ఒక మాట చెప్పండమ్మా."

పెన్ను పక్కకు తోశాను. జీపు ఎక్కాను.

"గాబ్రియేలన్నా, తిరుపతి దోవ పట్టు."

"ఇరవైలోనే గదా విశ్వాసమ్మా?"

"తొక్కు."

"అంటే..."

"కారు కండ్లబడేదాకా తొక్కు!"

సబ్ ఇన్‌స్పెక్టరు వెనక సీట్లోనుంచి నోటుబుక్కు పైకెత్తాడు. "అమ్మా, ఒకటో నిబంధన..."

"రాసినది నేనే గద నాయనా. గట్టిగా పట్టుకో."

ఆ కాలు అంత దూరం పోతుందని గాబ్రియేలన్నకే తెలియదు. ముల్లు ముప్పై దాటింది, నలభై దాటింది. ఒంటిమిట్ట రాకముందే జెండా ఊడి పొలాల్లో పడింది. యాభై దగ్గర ముల్లు వణుకుతుంటే నేను ముందరి కమ్మీ పట్టుకుని "ఇంకా, ఇంకా" అని అరుస్తున్నాను. అంతలో వెనక నుంచి నర్సుల కేకలు, ఇసుక బక్కెట్ల మోత వినిపించాయి. తిరిగి చూశాను.

ఆరు పందెం బండ్లూ, నిబంధన తప్పకుండా, అధ్యక్షురాలి జీపును దాటకుండా, ఒకదాని వెనక ఒకటి అదే వేగంతో వస్తున్నాయి.